ఎర్ర చుక్క

సిరిపురం కూడలి దాటాక రోడ్డు కాస్త మెత్తబడుతుంది.
హారన్లు కూడా ఇక్కడ గొంతు తగ్గించుకుంటాయి.
స్కూటర్ ఎక్కడ పెట్టాలో తెలీక రెండు చుట్లు తిరిగాం.
చివరికి వాచ్‌మన్ మా వైపు యాసలోనే
"అలాగ గోడవార ఎట్టీ మామా" అన్నాడు.

నూకరత్నం కుచ్చిళ్లు దిద్దుకుంది.
నేను గోళ్లు చూసుకున్నాను,
ఫెవికాల్ పొలుసులు, వార్నిష్ పసుపు.
ముప్పయ్యేళ్లుగా పూర్ణా మార్కెట్ వెనక సందులో
దేవుళ్లకీ, పోయినవాళ్లకీ, పెళ్లి జంటలకీ
నాలుగు కర్రలు కోసి మూలలు కలిపేవాణ్ణి.
ఇవాళ గ్యాలరీకి వచ్చింది పని మీద కాదు.
ఒకసారి చూసిపోదామని.

ఆ బొమ్మ పందొమ్మిది రోజులు మా కొట్లో ఉంది.
ఇందుమౌళి గారు దుప్పటి చుట్టి ఆటోలో తెచ్చారు
బాలింతని తెచ్చినట్టు.
ఏమీ లేదందులో.
బూడిదరంగు సముద్రం, పైన అదే రంగు ఆకాశం,
రెంటికీ మధ్య గీత ఎక్కడో మనమే వెతుక్కోవాలి.
టేకు చెక్క రావడం ఆలస్యమైంది.
ఈలోగా అది గోడకి ఆనుకుని మాతోనే ఉంది,
కరెంటు పోయినప్పుడూ, అప్పులవాడు వచ్చినప్పుడూ.
రత్నం కేరేజీ తెచ్చి దానికెదురుగానే కూచునేది.
"ఏటుందని సూస్తన్నావే?" అంటే
"మా అయ్య ఏటకెళ్లే యేళ" అంది.
మళ్లీ మాట్లాడలేదు.

ఇక్కడ దానికి పెద్ద గోడ. పైనుంచి దీపం. చల్లగాలి.
సన్నకాడ గ్లాసులతో జనం
దగ్గరికొచ్చి, వెనక్కి జరిగి, తల పక్కకి వాల్చి
"డెప్త్" అంటున్నారు.
రత్నం మాత్రం తిన్నగా మూల దగ్గరికెళ్లి
నేను జాయింటు కలిపినచోట వేలితో తడిమింది.
వెంట్రుక కూడా దూరదు.
ఒక కుర్రాడు పరుగున వచ్చాడు, "అమ్మా, ముట్టుకోకూడదు."
పందొమ్మిది రోజులు పైటచెంగుతో దుమ్ము తుడిచిన చెయ్యి
మెల్లిగా వెనక్కొచ్చింది.

చీటీ మీద ఎర్ర చుక్క.
అంటే అమ్ముడైపోయిందని నేనే చెప్పాను.
"ఎవులికి?"
"ఎవరో. కిర్లంపూడి లేఔట్ అట."
"ఆళ్లింట్లో కిటికీ తీస్తే అసలు సముద్రమే అవుపిస్తాది గదా,
మళ్లీ ఇదెందుకు?"
నా దగ్గర జవాబు లేదు.

కింద వీధిలో అద్దాల కొట్లు.
ఒక్కో చీర ఒక్కో దీపం కింద, సన్మానం జరుగుతున్నట్టు.
చెప్పుల జత ఒకటి ఎత్తు పీట మీద ఒంటరిగా.
ధర రాయలేదు.
రత్నం లోపలికెళ్లి ఒక జాకెట్టు తిరగేసి చూసి
"అల్లిపురం కుట్టే" అంది,
ఎవరి చెయ్యో పోల్చుకున్నట్టు.

ఆకలేసింది. ఫ్రేము డబ్బులు జేబులో ఉన్నాయి.
మేడమీది హోటల్లో మెనూ రెండు పేజీలే,
చదవడానికి చాలాసేపు పట్టింది.
నల్ల రాతిపలక మీద వంజరం ముక్క,
పక్కన చెంచాడు మామిడికాయ నురగ.
"పలక మీద అ ఆలు రాయాల గాని" అని నవ్వి
ముక్క తుంచి నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.
భయపడ్డాను.
"ఇయ్యాల్టిదే" అంది. "పొద్దుటి పడవ."
తర్వాత ఏ సిగ్గూ లేకుండా, "ఇంకోటి సెప్పు."

చెప్పాను. మంచి చేప, అబద్ధమెందుకు.
నురగ కూడా వేలితో ఊడ్చేసింది.
బిల్లు తోలు పుస్తకంలో పెట్టి తెచ్చారు,
దాచాల్సిన సంగతిలా.
కొట్టు అద్దెలో సగం.
ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

బీచ్ రోడ్డు మీద ఆపమంది.
చీకట్లో లంగరేసిన ఓడల దీపాలు,
నీళ్లలో ఉన్నాయో గాల్లో ఉన్నాయో.
నాలుగు నిమిషాలు నిలబడి, "పద" అంది.

తెల్లారి షట్టర్ ఎత్తాను.
అప్పన్నస్వామి పటాలు ఆరు, సాయంత్రానికల్లా ఇవ్వాలి.
బొమ్మ ఆనుకున్న గోడ మీద
నా నడుమెత్తున
ఒక స్టిక్కర్ బొట్టు అంటించి ఉంది.
ఎప్పుడొచ్చి అంటించిందో.

కొలబద్ద తీసుకుని పనిలో కూచున్నాను.