రెండు వేళ్ల నీడ

బండి రాలేదు. అంబాసిడర్ కనురెప్పలు రెండూ
పాత పేపర్లో చుట్టి తెచ్చింది పెంచలరత్నం,
ఒంగోలు కర్నూలు రోడ్డులో మా సీటు కవర్ల షాపుకి.

"కుడిపక్కది నిలవడంలా అబ్బయ్యా.
గుంటలో పడితే చాలు, ముక్కు మీదికి జారతంది."

కుట్లు విప్పాను.
ముప్ఫై ఏళ్ల ఫోము
శనగపిండిలా రాలింది బల్ల మీద.
అట్ట ఉబ్బింది, కమ్మీ తుప్పు.
రెండోదాంట్లో మాత్రం
పొగాకు వేలం చీటీ ఒకటి, అంకెలు చెరిగి.
ఎవరో దాచి, మరిచి, బండి అమ్ముకున్నారు.

కొలత తీస్తుంటే అన్నది:
"అసలిది ఎవరి ఎత్తుకు చేశారో గానీ
నా కళ్లకెప్పుడూ అందలా.
నాలుగింటికి పొదిలి కిరాయి ఎక్కిందా,
సూర్యుడు కింద నించి దూరతాడు.
పదకొండేళ్లుగా దిండేసుకుని తోల్తన్నా."

టేపు మళ్లీ లాగాను. రెండు వేళ్లు కలిపాను.

మా షాహిదా పరీక్ష ప్యాడు, క్లిప్పు ఊడింది,
గోడకానుకుని ఉంది.
గీత గీసి కోశాను.
దాని మీద హాల్‌టికెట్ నంబరు,
జవాబు తోచనప్పుడు వేసిన ముగ్గు.
ఫోము కిందికి పోయాయి అవి.

రెక్జిన్ రంగు కలవలేదు.
కప్పుది మాగిన ఆకు రంగు, ఇదేమో మీగడ.
"కలవకపోతే మానె. ఎండకేం తెలుసుద్ది?"

బాకీ నూటయాభై ఇవ్వడానికి
నెల తర్వాత వచ్చింది,
చంకలో దిండు.
"దీనికీ ఓ కవరు కుట్టు.
ఇక నడుం వెనక పెట్టుకుంటా."