తలుపులో తలుపు

ఇవాళ్టికి అయిదో రాత్రి.
బ్రాడీపేట నాలుగో లైన్లో తలుపులన్నీ పడుకున్నాయి.
మా వంటింటి వెనక తలుపుకున్న చిన్న తలుపొక్కటే
మేలుకొని, ఎర్రగా కన్ను కొడుతోంది.

బయట మజ్జిగ.
తెల్లటి పిల్లి, కుడి ముందుకాలి మీద మాత్రం
తాలింపు మాడినట్టు ఒక మచ్చ.
తలతో తోస్తుంది. టిక్కుమనదు.
మళ్ళీ తోసి నా వంక చూస్తుంది,
కరెంటాఫీసు కౌంటర్లో
చిల్లర లేదన్న మనిషిని చూసినట్టు.

ఈ కన్నం పెట్టించిన రోజు
ఓనరు కోటిరత్నం గారు మెట్ల మీదే కూలబడ్డారు:
"దొంగలు ఊరికే వేస్తారు గదమ్మా,
నువ్వు డబ్బిచ్చి మరీ వేయించావు!"
ఏం చేయను? చెవి చిరిగిన గండుపిల్లి ఒకటి
రోజూ వచ్చి మజ్జిగ గిన్నె ఖాళీ చేసి
పొయ్యి గట్టు మీద సంతకం పెట్టి పోతుంటే.

పిల్లి మెడలో గంట ఎవరు కడతారని
ఎలుకలు సభ తీర్చిన కాలం పోయింది.
డాక్టర్ హైమవతి ఒక్క సూదితో కట్టేసింది.
బియ్యపు గింజంత గంట, చర్మం కింద.
మోగదు. అడిగితే పదిహేను అంకెలు చెబుతుంది.
నా ఆధార్ నంబరు నాకు రాదు,
మజ్జిగది నిద్రలో లేపినా అప్పజెబుతాను.

మొదటి రాత్రి బ్యాటరీలు మార్చాను.
రెండో రాత్రి, అవి గోడగడియారంలోంచి పీకినవని గుర్తొచ్చి
కొత్తవి తెచ్చి వేశాను.
గడియారం ఇంకా పదీ పది దగ్గరే ఉంది.
మూడో రాత్రి, బటన్ నొక్కిపట్టి పది లెక్కపెట్టి,
పాతవన్నీ మరిచిపొమ్మని దానికి చెప్పి,
మజ్జిగని చంకలో ఇరికించుకుని
మెడ ఆ సొరంగంలో పెట్టి పరిచయం చేశాను:
ఇది నువ్వు. ఇది ఇల్లు.
ముంజేతి మీద నాలుగు గీతలు పడ్డాయి,
తెరుచుకున్నది ఏమీ లేదు.

నాలుగో రాత్రి ఎలక్ట్రీషియన్ మస్తాన్ వచ్చి
తలుపు పక్కన ఇన్వర్టర్ని అనుమానంగా చూశాడు.
"దీని రొద దానికి పడట్లేదేమో అక్కా."
ఇద్దరం కలిసి ఈడ్చాం.
కింద, రెండేళ్ళ నాడు పోయిన పోపుగరిటె దొరికింది.
అంతే దొరికింది.

ఇవాళ కాలుగాలిన పిల్లిలా తిరిగి తిరిగి
చివరికి బోర్లా పడుకున్నాను,
చెంప బండకి ఆనించి, ఫోను లైటు వేసి.
ఈ ఎత్తు నుంచి నా వంటిల్లు నాకే తెలియదు:
సిలిండరు తుప్పు, ఒక ఎండిన కరివేపాకు,
కొక్కేనికి వేలాడే నా చున్నీ అంచు.
సొరంగం కప్పులో గాజుకన్ను మీద
సన్నటి ఎర్ర పొర.

వేలితో తీసి చూశాను. తేజ రకం.
మూడు ముప్పై నాలుగైతే రంగు ఇంకాస్త ముదురు.
యార్డులో కాటా దగ్గర పదకొండేళ్ళు నిలబడ్డదాన్ని,
ఆమాత్రం తెలియదా?
రోజూ సాయంత్రం ఆ చున్నీ ఇక్కడే దులిపి తగిలిస్తాను.
బ్యాటరీల్ని తిట్టాను, మస్తాన్‌ని తిప్పించాను,
పిల్లిని గట్టిగా అన్నాను కూడా.

దూది తడిపి తుడిచాను.
ఇటు నేను తుమ్మాను.
అటు మజ్జిగ తుమ్మింది.
ఒంటి తుమ్ము కాదు, ఫరవాలేదు.

ఎత్తుకొచ్చి పరీక్షిద్దామని పెరట్లోకి వెళ్ళానో లేదో
ఆగి ఆగి ఇప్పుడే గాలి వీచింది.
పెద్ద తలుపు ధడాలున పడి
లోపలి లాక్ దానంతట అదే పట్టుకుంది.

నా పాదాల పక్క నుంచి మజ్జిగ నడిచింది.
తల ఆనించింది. టిక్.
పచ్చ దీపం. తోక చివరతో సహా లోపలికి.

నైటీతో, చేతిలో మిరప దూదితో
మోకాళ్ళ మీద కూర్చున్నాను.
అద్దె కట్టేది నేనే కదా అని
నుదుటితో ఒకసారి మెల్లగా తోశాను.
ఎర్ర దీపం.
ఆ పారదర్శకపు రేకు వెనక
అది పంజా నాక్కుంటూ నన్ను చూస్తోంది.

పై వాటాలో
కోటిరత్నం గారి లైటు వెలిగింది.