అరవయ్యో కంచం

గురువారం మజ్జానం మూడింటికి
పాత గోగునార గోడౌనులో మా మండలి.
నార వాసన గోడల్ని ఇంకా వదల్లేదు,
ముసురు పట్టిన రోజున మరీనూ.
పదో తరగతి తప్పినా దస్తూరీ గుండ్రంగా ఉంటుందని
మినిట్సు పుస్తకం నా ఒళ్లో పెట్టేరు.
పద్నాలుగేళ్లుగా రాస్తున్నాను.

మొదటేడు, కుళ్లునీళ్లలో దిగి నార తీసిన కూలిలోంచి
మనిషికి వారానికి అయిదు చొప్పున దాచి
రాజాంలో అరవై స్టీలు కంచాలు కొన్నాం,
బుడితిలో ఓ ఇత్తడి గుండిగ.
బస్సెక్కనివ్వనన్నాడు కండక్టరు.
"మా పెళ్లికూతురు బాబూ, టిక్కెట్టు కొట్టు,"
అంది ఎర్రయ్యమ్మ, గుండిగకి కొంగు కప్పి.
అది పుస్తకంలో రాయలేదు.
రాసి ఉంటే బాగుణ్ణు.

కంచం అంచున చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించేం:
శ్రీ గౌరీ మహిళా మండలి, గొట్టిపేట.
పెళ్లికైనా, దినానికైనా, కంచానికి రూపాయి అద్దె.
సభ్యులకి సగం.

లెక్క దాలమ్మది. అక్షరం రాదు.
వేలి కణుపుతో ఒక్కో కంచాన్నీ మోగించి లెక్కపెడుతుంది.
ఓసారి ఎవరి సొంత కంచమో మా దొంతిలో దూరితే
చప్పుడు విని, తీసి పక్కన పెట్టింది.

లోలుగోళ్ల పెళ్లి మర్నాడు యాభైతొమ్మిది.
మళ్లీ మోగించింది. యాభైతొమ్మిదే.
బావిగట్టు వెతికేం, పెంటకుప్ప కెలికేం.
అనుమానం, దానికి అలవాటైన దారినే పోయి
ఊరి చివర తవుడమ్మ ఇంటిముందు ఆగింది.
చందా కట్టలేక మండలి మానేసిన మనిషి.
ఆ పెళ్లిలో అంట్లు తోమింది ఆమే.

నలుగురం వెళ్లేం.
నేను పుస్తకం కూడా పట్టుకెళ్లేను, ఎందుకో.
గడప దగ్గరే కనపడింది:
ముసలి అత్త ముందు మా కంచం,
అందులో చోడి సంకటి, ఓ ఉల్లిముక్క.
"అత్తకి సూపు నేదు," అంది తవుడమ్మ లేవకుండానే.
"మా సొట్ట కంచంలో కూడు ఎక్కడితో అయిపోనాదో తెల్దు.
సగం నేల మీదే.
ఈ సుక్కలు సేతికి తగిల్తే అంచు తెలస్తాది.
అద్దె రాసుకోండి. పనిలో తీర్సీస్తాను."

కండక్టరు నోరు మూయించిన ఎర్రయ్యమ్మ
చూరు కేసి చూస్తూ నిలబడింది.
దాలమ్మ వంగి, అంచు మీద ఒక్కసారి కణుపుతో కొట్టింది.
"మనదే," అంది.
అని, కొంగు ముడి విప్పి
బెల్లం ముక్క అందులో పడేసింది.
"ఎవులే అది?" అని నవ్వింది ముసలామె, తడుముకుంటూ.

పై గురువారం గొడవే గొడవ.
"రేపు అందరూ తలా ఒకటి అట్టుకుపోతేనో?" అంది సన్యాసమ్మ.
తప్పు మాటేం కాదు.
టీ చల్లారింది. తీర్మానం మాత్రం తేలలేదు.
చీకటి పడుతుంటే నేనే రాసేను:
'కంచాలు అరవై. దొంతిలో యాభైతొమ్మిది.
ఒకటి వాడుకలో ఉంది.'
సంతకాలు పడ్డాయి, వేలిముద్రలు పడ్డాయి.
సన్యాసమ్మ పెట్టలేదు.
మరుసటి వారం రెండు వారాలకీ కలిపి పెట్టింది.

మొన్న మాఘంలో ముసలామె పోయింది.
దినం భోజనాలకి యాభైతొమ్మిది పంపేం.
మర్నాడు అరవై వచ్చేయి.
దాలమ్మ అన్నీ మోగించింది.
చివరిదాని అంచున, చుక్కల్లో
చోడిపిండి ఎండి ఉంది.
గోటితో గీకబోయి, మానేసింది.

లెక్కలు చూడ్డానికొచ్చిన కుర్రాడు
ఒక గడి మీద వేలు పెట్టి అడిగేడు:
"ఈ కంచం అద్దె ఎంతమ్మా? రాయలేదేం?"
తర్వాత రాస్తానన్నాను.