ఎడమ పక్క వాయిద్యం

పెట్టె మీద మంటల బొమ్మ, దాని మధ్య
రెండువేల వాట్లు.
అది సంతలో ఎద్దుకి చెప్పే వయసు లాంటిదని
డాన్ ఎపిఫానియోకి నేనే చెప్పేశాను.
యజమానురాలు రెఫుహియో లోపలుంది, బతికిపోయాను.
ఆ రెండువేలూ ఒక్క ఉరుముకి సరి.
రోజంతా మోసేది, నిజం మాట్లాడితే, డెబ్భై అయిదు.

ఆయన నవ్వాడు.
నలభై ఏళ్ళు ట్యూబా మోసినవాడికి
ఉరుముకీ ఊపిరికీ తేడా నేను చెప్పాలా?

వహాకాలో బస్టాండు వెనక సందు మాది.
బయట ఆయన త్సురు టాక్సీ,
వెనక డోరు తాడుతో కట్టి ఉంది.
జేబులోంచి క్యాసెట్టు తీశాడు.
"మా ఊరి బ్యాండు. వానరోజు రికార్డు చేశారు.
గట్టిగా వద్దు."

మంటల పెట్టెకి తగిలించాను.
గడప దగ్గర కుక్క లేచి వెళ్ళిపోయింది.
పక్క కొట్టులో సీసాలు వణికాయి.
డ్రమ్ము, తాళాలు, క్లారినెట్లు
అన్నీ కలిసి ఒకటే ముద్ద.

తర్వాత పాతది, మూల సొట్టపడ్డది,
చూపుకి చిన్నది, ఎత్తితే చెయ్యి లాగేది.
రేకుల మీద వాన వినపడింది.
ఎవరో దగ్గారు.
క్లారినెట్లు ఇద్దరివని అప్పుడు తెలిసింది నాకు.

"నేనేడీ?" అన్నాడు.
వాల్యూమ్ పెంచాను.
"అది కాదబ్బాయ్. ఇందులో నేనేడీ?"

ఎడమ చెవి తట్టి చూపించాడు.
ముప్ఫై ఏళ్ళు పెద్ద డ్రమ్ము నిలబడ్డ వైపు.
ఇప్పుడది పెన్సిల్ పెట్టుకోవడానికే.
రికార్డు చేసినవాడు ఆయన్ని
మొత్తంగా ఎడమ స్పీకర్లోకి నెట్టేశాడు;
మా ఎడమ స్పీకరేమో ఆ మూల, లారీల రోడ్డు వైపు.

ఓములు, వైర్ల మందం, ఫ్యూజులు,
నాకొచ్చిన చదువంతా అక్కడ ఆగింది.
బోర్లించి చూశాను. దుమ్ము కింద
ఎవరూ ముట్టని చిన్న మీట,
రెండు పక్కల్నీ ఒకటి చేసేది.
స్క్రూడ్రైవర్ కొసతో జరిపాను.

ముందు ఊపిరి పీల్చిన చప్పుడు.
ఆ తర్వాత, కాస్త వెనకబడి, స్వరం.

"లేటు," అన్నాడు ఆయన.
"మాస్టరు చెబుతూనే ఉండేవాడు. పోయేదాకా ఒప్పుకోలేదు నేను."
మళ్ళీ వెయ్యమన్నాడు. మళ్ళీ లేటే.

మూడొందల పెసోలు తక్కువయ్యాయి.
శుక్రవారమిస్తానన్నాడు.
రెఫుహియో పద్దు రాస్తూ నావైపు చూసింది.

బండి మూల తిరిగేదాకా చెవి పెట్టాను.
ఏమీ వినపడలేదు.
అద్దాలెక్కించుకున్నాడు.