తలల లెక్క

థర్సో దాటాక బస్సులో నేనూ డ్రైవరూ,
ఒళ్ళో జనాభా ఫారాల సంచీ.

మొదటి గుమ్మం మాగ్నస్ బ్రెమ్నర్‌ది.
వృత్తి? అన్నాను.
"అణుకేంద్రంలో నాన్న బిగించిన మరలు
నేను విప్పుతున్నా."
ఎన్నాళ్ళ పని?
"నా తర్వాత కూడా మిగులుతుంది,
నువ్వు ముందు టీ తాగు."
కట్టుబడి కాదు, కూల్చుబడే
ఇప్పుడిక్కడ కూడు.

యూఫీమియా స్వాన్సన్‌కి తొంభై ఒకటి.
తన గడి ఖాళీగా వదిలి
వాళ్ళమ్మది రాయమంది:
వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకుని
రేవు రేవునా హెర్రింగు చేపల పొట్ట చీల్చేదట,
నిమిషానికి అరవై.
చచ్చినవాళ్ళకి ఈ ఫారంలో చోటు లేదంటే
"మరి ఇక్కడ ఎవరిని రాస్తావమ్మాయ్?" అంది.

తర్వాతి రెండిళ్ళూ తాళాలు.
కిటికీలో ఒంటి రబ్బరుబూటు, నీలంది.
బడిలో పదకొండు మంది,
అందులో ఇద్దరు పంతులమ్మ పిల్లలే.

మెట్ట మీద గాలిమరలు మాత్రం ముప్పై నాలుగు.
రెండుసార్లు లెక్కపెట్టాను.
వాటికి ఆకలి లేదు, పెళ్ళి లేదు, ఫారం లేదు.
అవి తిప్పిన కరెంటు దక్షిణానికి పోతుంది.
పిల్లలూ అదే దారి.

తిరుగు బస్సులో డ్రైవరు అడిగాడు:
"మొత్తం ఎంతమంది?"
ఇరవై మూడు.
"నన్ను కలిపావా?"
నీది విక్ కదా. రాత్రి ఇక్కడ పడుకునేవాళ్ళే లెక్క.
"అయితే ఒక రాత్రి బండి చెడగొట్టుకుంటాను."

నవ్వుతాడేమోనని చూశాను.
ముందు స్టాపులో ఎవరూ లేరు.
అయినా ఆపి,
తలుపు తెరిచి,
కాసేపు ఉంచాడు.
గాలి ఎక్కింది.