డ్రమ్ముకు రెండో చీటీ

మా గుజ్జు ఫ్యాక్టరీలో కాగితాల గది నాది.
కిటికీ అవతల బెంగళూరా కాయలు
స్నానానికి వరస కట్టిన హాస్టలు పిల్లల్లా
బెల్టు మీద ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతాయి.
లోపల నేను, ఒక ప్రింటరు,
నడుము విరిగిన ఎగుమతి ఫైళ్లు.

మొన్నటిదాకా ఆ ఖండమంతటికీ ఒకటే చీటీ.
ఇప్పుడొక దీవి కూటమిలోంచి బయటికొచ్చేసింది.
దానికి వేరే చీటీ, వేరే నంబరు, వేరే చిరునామా.
అదే డ్రమ్ము. అదే గుజ్జు.
అదే బంగారుపాళ్యం తోటలో కాసిన కాయ.
జిగురు రాసి రెండో చీటీ అతికిస్తుంటే
లోడింగు చెంగల్రాయుడు అడిగినాడు:
"ఏం మేడమ్, వాళ్లు విడిపోయి బాగుపడతారంటారా?"

నాకేం తెలుసు.
నాకు తెలిసింది మా వజ్రవేలు మామ.

దామలచెరువు మండీకి ఇరవైరెండు మంది రైతులు
కలిసి తోలే లారీలోంచి
ఆయన ఒక జూన్ నెల్లో దిగిపోయినాడు.
"వాళ్ల మచ్చకాయలకు నా మంచికాయ పూచీ పడాల్నా?"
అని మీటింగులో తుండుగుడ్డ దులిపి లేచొచ్చినాడు.
మర్నాడే చిత్తూరుకు పోయి
సొంతానికొక కాటా కొన్నాడు, ఎర్రరంగుది.
పసుపూ కుంకుమా పెట్టి
"నా తూకం ఇంక నాది మేయ్" అని అత్తకు చూపించినాడు.

మొదటి ఏడు ఫ్యాక్టరీ గేటు ముందు
ట్రాక్టరుతో మూడు రాత్రులు.
కాయ చెమటపట్టి, కారి, ఈగలకు పండగైంది.
రెండో ఏడు టోకెన్లిచ్చే పిల్లోడితో స్నేహం కలిసింది.
మూడో ఏడు ధర పలికింది.
ఇంటికి నీలం రంగేయించినాడు,
వీధివైపు గోడకు మటుకే.
ఎవరన్నా పొగిడితే మీసం దువ్వేవాడు.
ఒకసారి నీళ్ల మోటారు దగ్గర నాతో అన్నాడు:
"తూకం నాదే పాపా. ధర వాళ్లది."

మరి ఉండిపోయి ఉంటే?
ఆ లారీ సంఘమే నాలుగో ఏడు
డీజిలు బాకీ కాడ చీలిపోయింది.
'ఉండిపోయి ఉంటే' అనే ఏడాదికి
ఏ షావుకారి దగ్గరా చిట్టా లేదు.

ఇంకొకటి కూడా తెలుసు.
నరహరిపేట చెక్‌పోస్టులో ఒకప్పుడు
లారీలు తెల్లవార్లూ ఆగేవి,
డ్రైవర్లు తమిళంలో తిట్టుకుని తెలుగులో టీ అడిగేవాళ్లు.
దేశమంతా ఒకే పన్నని గేటెత్తేసినారు.
మంచిదే అన్నారందరూ. మంచిదే.
ఆ ఆగడం మీద బతికిన మునిలక్ష్మి బంకు
ఆర్నెల్లు తిరక్కుండా మూతబడింది.
కలవడంలో ఒకామె పొయ్యి ఆరింది.

విడిపోవడంలో?
రెండో చీటీకి కంటైనరుకు నలభై నిమిషాలు ఎక్కువ.
సీజన్లో నెలకు పదకొండు వందలు ఓవర్‌టైము నాకు.
అక్కడెవరి పొయ్యి అంటుకుందో, ఎవరిది ఆరిందో,
ఈ గుజ్జు డబ్బా కాడ నిలబడి
ఏ తల్లి చిల్లర లెక్కపెట్టుకుంటోందో ఎరగను.
వాళ్ల స్వాతంత్ర్యంలో నా వాటాతో
ఒక మిక్సీ కొన్నాను. ఇంకా మూడు కంతులున్నాయి.

ఇదంతా చెంగల్రాయుడికి చెప్పలేదు.
"బాగుపడేదెవరంటావు నువ్వు?" అన్నాను.
డ్రమ్ము మీద చెయ్యేసి కాసేపు ఆలోచించి
"జిగురు కంపెనీ మేడమ్" అన్నాడు.

సాయంత్రం మామ ఇంటిమీదుగా పోయినాను.
కాటా వసారాలోనే ఉంది.
ఎరుపు పెచ్చులూడి, ముల్లు రవ్వంత వంకర.
మనవరాలు దాని మీదెక్కి, ఊపిరి బిగబట్టి,
"ఎంత తాతా? ఎంత?" అంటోంది.
ఆయన వంగి, కళ్లద్దాలు పైకి తోసుకుని,
చాలాసేపు
చదువుతూనే ఉన్నాడు.