అంకె చెరిగిన కర్ర

బేక్‌వెల్ సంతలో, గొర్రెల వేలం పక్కన
కొన్నాను ఈ వెదురు గాలం కర్ర.
పిడి పైన సిరాతో రాసిన అంకెని
ఎవరిదో బొటనవేలు అరగదీసేసింది.

దుకాణం వెనక గడ్డిలో, కళ్లజోడు నెత్తికెక్కించి
ఈనిడ్ నాలుగో నంబరు దారం విసిరింది.
కర్రకి చీమ కుట్టినట్టయినా లేదు.
ఆరు వేస్తే
నిండు బిందె ఎత్తిన పసిదానిలా నడుం వంగిపోయింది.

"ఈకల ఈగకి బరువెక్కడిదబ్బాయ్,
నువ్వు విసిరేది దారాన్నే."

అయిదు.
దారం వెనక్కి సాగింది. ఈనిడ్ ఆగింది.
ఆ ఆగిన రెప్పపాటులో కర్రకి ఏదో గుర్తొచ్చింది.
ముందుకి ఒలికింది దారం, చప్పుడు లేకుండా.

డబ్బులు మాత్రం పెన్నీతో సహా లెక్కపెట్టుకుంది.

వై నదికి చేరేసరికి వాన.
చేప పడలేదు.
ఇంటిదాకా నా భుజం
అయిదు, అయిదు అనుకుంటూనే నడిచింది.